పదో రీలులో ఏడు నిమిషాలు

2007 వానాకాలం. మిర్యాలగూడలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక సినిమా హాల్లో నేను ఆపరేటర్‌ని. ఆపరేటర్ అంటే ప్రొజెక్టర్ నడిపేవాడు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మెషిన్ పని పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగులు ఒక రీలు. అంటే రీలుకు పదకొండు నిమిషాల పైచిలుకు. ఈ అంకెలు తెలిస్తే ఏ ఆట ఎన్నింటికి వదులుతారో గడియారం చూడకుండానే చెప్పవచ్చు.

ఆ రోజుల్లో చిన్న ఊళ్ల హాళ్లలో ఒక అలవాటు ఉండేది. సినిమా నిడివి మా ఆటల టైములో ఇమడకపోతే ఆపరేటర్ కొంత ఫిల్ము కోసి పక్కన పెట్టేవాడు. కోసిన ముక్కను ఒక డబ్బాలో దాచి, ప్రింటు ఇంకో ఊరికి పోయే ముందు మళ్లీ అతికించేవాడు. ప్రేక్షకులకు ఈ సంగతి తెలియదు. తెలియకుండా కోయడమే పనితనం అనుకునేవాళ్లం.

అందరూ అందాజాగా కోసేవాళ్లు. నేను లెక్క ప్రకారం కోసేవాణ్ని. నా దగ్గర ఒక నోట్‌బుక్కు ఉండేది. శుక్రవారం మొదటి ఆట ఏదీ కోయకుండా పూర్తిగా వేసి, క్యాబిన్ కిటికీలోంచి వింటూ ఏ రీలులో, ఏ సీనులో ఎన్ని ఈలలు పడ్డాయో గీతలు పెట్టుకునేవాణ్ని. ఎక్కువ అడుగులు తిని ఒక్క ఈల కూడా రాబట్టని సీను ఏదో అదే కోతకు పోయేది. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. ఐదేళ్లలో ఒక్కరూ అడగలేదు కాబట్టి తప్పులేని పద్ధతి అనుకున్నాను.

ఆ వారం వచ్చింది తెలుగులోకి డబ్ చేసిన ఒక అంతరిక్ష సినిమా, మూడో భాగం. సూర్యాపేటలో రెండు వారాలు ఆడి మా దగ్గరికి వచ్చింది. మొదటి రెండు భాగాలు కూడా నేనే ఆడించాను. అందులోని అంతరిక్ష ఓడలో ఇంజిన్ గది చూసుకునే ఒక మనిషి ఉంటుంది, ఆడమనిషి. ఆమె విదేశీ పేరుకు నోరు తిరగక మా జనం "ఇంజినక్క" అని పెట్టుకున్నారు. ఎడమ చేతికి ఒక్కదానికే గ్లౌజు, భుజాన పెద్ద పానా. హీరో చేతులెత్తేసిన చోటల్లా ఓడను ఆమే నడిపించేది. ఐటీఐ పిల్లలు ఆమె కోసమే వచ్చేవాళ్లు. మొదటి భాగంలో హీరో కంటే ఆమెకే పదకొండు ఈలలు ఎక్కువ పడ్డాయని నా నోట్‌బుక్కులో ఉంది.

మూడో భాగం నిడివి నూట ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇంటర్వెల్, ప్రకటనలు కలిపితే నూట అరవై ఐదు. పదకొండున్నరకు మొదలైతే సరిగ్గా రెండుంపావుకు వదలాలి. మ్యాట్నీ కూడా రెండుంపావుకే.

"ఒక ఆట జనం దిగుతుంటే ఇంకో ఆట జనం ఎక్కుతున్రు. ఇది హాలా, బస్సా? ఏడెనిమిది నిమిషాలు తగ్గియ్యి," అన్నాడు మేనేజర్.

నోట్‌బుక్కు చూశాను. పదో రీలులో ఆరు వందల ముప్పై అడుగులు, ఏడు నిమిషాలు. ఈలలు సున్నా. ఫైటింగ్ లేదు. ఇంజినక్క ఒక గదిలో గోడ మీద సుద్దతో ఏవో రాస్తూ, పిల్లలతో మాట్లాడుతూ ఉంటుంది. మ్యాట్నీ నుంచి ఆ ముక్క డబ్బాలోకి పోయింది.

ఆదివారం మ్యాట్నీ వదిలాక ఐటీఐ పిల్లలు పది మందికి పైగా క్యాబిన్ మెట్ల దగ్గరికి వచ్చారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు.

"ఆపరేటరన్నా, ఏందే ఇది? మా ఇంజినక్కను పిచ్చిదాన్ని చేసిన్రు!"

"రెండు సినిమాలు ఓడను మోసిన మనిషి, ఇప్పుడు తప్పు వాల్వు తిప్పి, అద్దం ఎనక ఏడ్సుకుంట సస్తదా?"

"కథ రాసినోడు మొదటి రెండు సూడలే. సూస్తే గిట్ల రాయడు."

"మా బావ సూర్యాపేటల సూసిండు. ఆమె సచ్చినప్పుడు ఏడుపొచ్చిందంట. నాకైతే నవ్వొచ్చింది. గీ సినిమాకు ఏడ్సుడేందిరా అని తిట్టిన."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. సూర్యాపేటలో ఆ ముక్క కోయకుండా వేశారన్నమాట. వాళ్లలో ఒకడు అడిగాడు: "అన్నా, నువ్వు అన్నీ లెక్క పెడ్తవు గదా. ఈ సినిమాల అక్క ఎంతసేపున్నది?"

అడిగిందే చాలు, నోట్‌బుక్కు తీశాను. "మొదటి దాంట్లో ముప్పై ఎనిమిది నిమిషాలు. రెండో దాంట్లో ఇరవై ఏడు. ఇందులో తొమ్మిది."

"తొమ్మిదా! సూసిన్రా? సినిమా కంపెనీకి ఉత్తరం రాస్తం. ఈ లెక్క గూడ రాస్తం."

ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు, తొమ్మిది అని రాసుకొని పోయారు. ఆ తొమ్మిది నేను తయారుచేసిన తొమ్మిది. ఆ మాట వాళ్లకు చెప్పకుండా పంపేశాను.

మర్నాడు పొద్దున వాళ్లలో ఒక అమ్మాయి ఒక్కతే వచ్చింది. పేరు స్వరూప. త్రిపురారం వైపు పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసింది. మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా, అంటే పని నేర్చుకునే మనిషిగా, తీసుకుంటామన్నారట. పదిహేడేళ్లే కాబట్టి కాగితం మీద తండ్రి సంతకం కావాలి. గురువారం సాయంత్రం లోపల ఇవ్వాలి.

"సార్, మొదటి భాగం రీళ్లు గిట్ల మీ దగ్గర ఉన్నయా?" అంది.

"ప్రింట్లు మా దగ్గర ఉండవమ్మా. ఆడినంక పోతయి. ఎందుకు?"

"మా నాయినను నిన్న మ్యాట్నీకి తీస్కొచ్చిన సార్. మా నాయిన గొర్లు కాస్తడు, సినిమాలు సూడడు. ఇంజినక్కను సూస్తే నన్ను పంపుతడనుకున్న. సూసినంక ఏమన్నడో ఎర్కేనా? 'గంత పెద్ద మిషన్ కాడికి పోయి ఆ పిల్ల ఏం జేసింది? తప్పు తిప్పింది, తలుపేస్కున్నది, ఏడ్సింది. నువ్వూ గంతే బిడ్డా' అన్నడు. ఇగ సంతకం ముచ్చట ఖతం."

మళ్లీ తనే, "మొదటిది సూపిస్తే మారుతడేమో అని వచ్చిన. ఎవరు రాసిన్రో గాని పాడు జేసిన్రు సార్," అంది.

"రాసినోళ్లు కాదమ్మా. నేను."

డబ్బా తెరిచి ముక్క చూపించాను. ఆమె వెలుతురుకు పట్టి చూసింది. వేలెడంత బొమ్మల్లో ఇంజినక్క గోడ మీద అంకెలు వేస్తోంది.

"ఎన్ని నిమిషాలు?"

"ఏడు."

"ఏం జేస్తున్నది గీడ?"

"ఓడలో మంచి గాలి ఎంత మిగిలిందో లెక్క కడుతుంది. ఈ గది గాలి వదిలేస్తేనే పిల్లల గదికి సరిపోతదని తేలుతది. పిల్లలను అటు పంపి, తెలిసే వాల్వు తిప్పుతది."

స్వరూప నా నోట్‌బుక్కు వైపు, ఫిల్ము వైపు చూసింది. "లెక్క కట్టే ముచ్చటనే కోసినవా సార్? లెక్కలు కట్టెటోనివి నువ్వే గదా."

ముక్కను మళ్లీ డబ్బాలో పెట్టాను. "గురువారం పొద్దున తొమ్మిదింటికి మీ నాయినను తీసుకురా. ఇంటర్వెల్ తర్వాతదంతా వేస్తా," అన్నాను.

మామూలుగా ప్రింటు పోయే ముందు అతికించే ముక్కను బుధవారమే అతికించాను. రెండు జాయింట్లు. ఒక్కో జాయింటుకు రెండు ఫ్రేములు గీకేయాలి. సెకనులో ఆరో వంతు పోయింది. అది నేను ఎవరికీ తిరిగి ఇవ్వలేను. గురువారం పొద్దుటి ఆటకు మేనేజర్ ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు: కొత్త కార్బన్లు ముట్టుకోవద్దు. కార్బన్ అంటే వెలుగు కోసం ప్రొజెక్టర్లో మండే కడ్డీ. మండగా మిగిలిన తునకలు దాచిపెట్టే అలవాటు నాకుంది. లెక్క చూశాను. సరిపోతాయి.

స్వరూప చెప్పిందట, గురువారం ఐటీఐ పిల్లలతో కలిపి పద్నాలుగు మంది వచ్చారు. చివరగా సైదులు, స్వరూప తండ్రి, భుజాన గొంగడితో వచ్చాడు. కింది నుంచే అరిచాడు.

"నువ్వేనా సార్ ఆడిచ్చేది? సూసిందే మళ్ల సూపిస్తవా? గొర్లను మా తమ్మునికి అప్పజెప్పి వచ్చిన. ఆనికి నూరు దాటితే లెక్క రాదు. జర జల్దిన కానియ్యి."

పదో రీలు వచ్చినప్పుడు నేను తెరను ఓరకంటనే చూశాను. క్యాబిన్ కిటికీలోంచి మనుషులను చూశాను. ఇంజినక్క సుద్దముక్క పడేసింది. తలుపు దగ్గర నిలబడి పిల్లల తల మీద చెయ్యి పెడుతూ ఒక్కొక్కరినీ అవతలికి పంపింది. అందరూ పోయాక వంగి, అవతలి పిల్లలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు తలుపు మూసింది. పద్నాలుగు మందిలో ఒక్కరూ ఈల వేయలేదు. కుర్చీ చప్పుడు కూడా లేదు. సైదులు ముందుకు వంగి, ముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు.

ఆట అయ్యాక అందరూ క్యాబిన్ మెట్ల దగ్గరికి చేరారు.

"పదకొండు మంది పోరగాండ్లు," అన్నాడు సైదులు. "రెండుసార్లు లెక్కపెట్టింది. గప్పుడేసింది తలుపు. మంద కాసెటోళ్లకు తెలుస్తది గది. ఎర్కలేక చేసింది కాదు."

స్వరూప మొహం వెలిగింది. నాకూ పని అయిపోయిందనిపించింది. కానీ సైదులు ఆగలేదు.

"మరి సచ్చింది గదా బిడ్డా! ఆదివారం చేతగాక సచ్చిందనుకున్న. ఇయ్యాల తెలిసే సచ్చింది. తండ్రికి రెండిట్ల ఏది నయం? ఇప్పుడింకా భయమైతంది నాకు."

నేను అతికించిన ఏడు నిమిషాలు ఆయన అనుమానాన్ని తీసి భయాన్ని పెట్టాయి.

"గదే మా పంచాయితి నాయినా!" అంది స్వరూప. గొంతు పెరిగింది. "ఎందుకు సంపాలె ఆమెను? ఆ తలుపుకు లోపలనే పిడి ఉన్నదని సూపిచ్చిన్రు. మొదటి భాగంల గదే తలుపుకు బయట గూడ పిడి ఉంటది!"

"ఔ! పసుపు రంగుది!" అన్నాడు ఒకడు.

"బయటి నుంచి ఏసి, బయటి నుంచి వాల్వు తిప్పొచ్చు. కథోనికి ఆమె ఇగ అక్కర లేకుంట పోయింది. తోవ బంద్ జేసిండు. మొత్తం సూసినా నాకు కోపం పోలే."

"సినిమాల తోవ బంద్ జేసిన్రు సరే," అన్నాడు సైదులు. "నీ ఫ్యాక్టరీల ఎవడన్న బంద్ జేస్తే?"

"చెయ్యలేరు నాయినా. మిషన్ కాడికి పోయే ముందు ఫ్యూజు పీకుతం. పీకిన ఫ్యూజు ఆడ పెట్టం, మన జేబుల ఏస్కుంటం. నేను బయటికొచ్చి మళ్ల పెట్టేదాంక ఆ మిషన్‌కు కరెంటు రాదు. ఐటీఐల మొదటి పాఠం గదే."

"ఎవరి జేబుల?"

"నా జేబుల."

"సారు అడిగితే?"

"సారు అడిగినా ఇయ్య."

సైదులు ఆ పిల్లలందరి వైపూ చూశాడు. "నిజమేనారా?"

"నిజమే పెద్దనాయినా. ఆ ఓడల ఒక్క ఫ్యూజు ఉంటే మా అక్క బతికేది," అన్నాడు ఇందాకటి పసుపు పిడి కుర్రాడు. అప్పటిదాకా బిగపట్టుకున్నవాళ్లంతా నవ్వారు. సైదులు నవ్వలేదు. కాగితం అడిగాడు. ఫిల్ము అతికించే బల్ల మీద పెట్టుకొని, ఒక్కో అక్షరం ఆగి ఆగి దిద్దుతూ సంతకం చేశాడు.

వాళ్లు వెళ్లబోతుంటే ఉత్తరం గుర్తొచ్చింది. "పంపిన్రా?" అని అడిగాను. ఇంకా పంపలేదన్నారు. తొమ్మిది కొట్టేసి పదహారు రాయమన్నాను, ఎందుకో కూడా అందరి ముందూ చెప్పాను. రెండు నిమిషాలు తిట్లు పడ్డాయి. తర్వాత స్వరూప పదహారు రాసి, "ముప్పై ఎనిమిది నుంచి పదహారు. అయినా తక్కువనే," అంది. అది కూడా నిజమే. ఉత్తరం పంపారు. జవాబు రాలేదు.

ఆ రోజు నాలుగు ఆటలూ పూర్తి సినిమానే వేశాం. మొదటి ఆటను పదకొండూ ఇరవై మూడుకే మొదలుపెట్టాం.

శుక్రవారం పొద్దున ప్రింటు తీసుకుపోవడానికి కోదాడ హాలు నుంచి సుబ్బారావు గారు వచ్చారు.

"ఏమండీ, మీరెంత కోశారు? ఎక్కడ కోశారో చెబితే మాకు పని తేలిక," అన్నారు.

"పదో రీలు మాత్రం ముట్టుకోకండి. కోయాలంటే ఎనిమిదిలో ఓడలు తరుముకునే సీను ఉంది, అక్కడ కోయండి."

"అదేంటండీ, జనం ఈలలేసేది అక్కడే కదా!"

"నేనూ అదే అనుకున్నానండీ."

ఆయన నన్ను వింతగా చూసి పెట్టెలు ఎక్కించుకుపోయారు. నా మాట విన్నారని తర్వాత తెలిసింది. ఐటీఐ పిల్లలు ఇద్దరు పనిగట్టుకొని కోదాడ పోయి, చేతి గడియారం పెట్టుకొని చూసి వచ్చారు. ఇంజినక్క పదహారు నిమిషాలూ ఉందని చెప్పి పోయారు. నా లెక్కను ఇంకొకరు సరిచూడటం అదే మొదటిసారి.

కొన్నేళ్లకు మా హాలుకు కూడా డిజిటల్ వచ్చింది. రీళ్లు లేవు, కోత లేదు, డబ్బా లేదు. అప్పటిదాకా అవసరమైనప్పుడు కోస్తూనే వచ్చాను. కాకపోతే కోసే ముందు ఈలలు లెక్కపెట్టడంతో ఆగకుండా, ఆ సీను తీసేస్తే తర్వాతి సీనులో మనిషి ఎవరిలా కనబడతాడో చూసుకునేవాణ్ని. ఈల లేని చోట ఏమీ లేదని ఐదేళ్లు అనుకున్నాను. లెక్క తప్పు కాదు. ఆ ఏడు నిమిషాలకు శుక్రవారం ఈలలు సున్నా, గురువారం కూడా సున్నాయే. ఆ సున్నా దేనికి గుర్తో నేను రాసుకోలేదు, అంతే.

నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీలో పదో రీలుకు ఎదురుగా వేసిన సున్నాను కొట్టేయలేదు. పక్కన రెండు మాటలు చేర్చాను: ఊరుకొని విన్నారు.