సానరాయి మీద మాత్ర

పక్షవాతం వచ్చాక నాన్నకు మింగడం కష్టమైంది. రక్తపోటు మాత్రను అమ్మ సానరాయి మీద తేనెతో అరగదీసి నాకించేది. అది రోజంతా నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్ర. అరగదీస్తే మందంతా ఒక్కసారే ఒంటికి చేరుతుంది. ఒక ఉదయం నాన్న కళ్లు తిరిగి మంచంమీద ఒరిగిపోయారు.

“దీన్ని అరగదీయకూడదమ్మా,” అన్నాను.

“గొంతులో అటకైపోతే నువ్వొచ్చి తీస్తావేట్రా?” అంది.

రాయపూర్‌లో మేముండే తెలీబంధా పేటలోని మందుల దుకాణాలన్నీ తిరిగాను. ఆ మందు సిరప్‌గా దొరకదన్నారు. చివరికి డాక్టరు అరగదీయదగిన మామూలు మాత్ర రాశారు. అయితే దాన్ని రెండు పూటలా వేయాలి. రోజుకు రెండుసార్లు అరగదీసే ఓపిక అమ్మ చేతులకు లేదు. సాయంత్రం మాత్ర నేనే అరగదీస్తాను. “పలుకులున్నాయి,” అంటూ అమ్మ సాన లాక్కుని మళ్లీ అరగదీస్తుంది.