ఈకల టోపీ, అసలు కత్తి

ఇన్నేళ్లుగా ఒక్క మాట గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. నీకు చెబుతున్నాను. విని ఛీ అనుకో, ఫరవాలేదు. నేను రోజూ అనుకునేదే.

పోలీసు చర్యకు కాస్త ముందు సికింద్రాబాదు టాకీసుకు ఇంగ్లీషు సముద్రపు దొంగల సినిమా వచ్చింది. ఓడలు, తాళ్లు పట్టుకుని ఊగడాలు, కత్తియుద్ధాలు. ఊరికి తెలియాలంటే డప్పు కొడుతూ టాంగా తిప్పాలి. టాంగా మీద హీరో వేషంలో కత్తి తిప్పేవాడు ఖాజా, చిలకలగూడలో మా పక్కింటివాడు. వెనక కూర్చుని కాగితాలు పంచేవాణ్ణి నేను. ఈకల టోపీ వాడికి, కాగితాల కట్ట నాకు. ఎంత కుళ్లుకున్నానో!

రేకు కత్తి వంగిపోయి రెజిమెంటల్ బజారంతా నవ్వింది. అందుకని మా తాత నాటి అసలు కత్తి నేనే తెచ్చి ఇచ్చాను. అది వేషంతోపాటు ఖాజా ఇంట్లోనే ఉండేది.

తర్వాత మిలిటరీ వచ్చింది. రజాకార్ల కోసం ఇళ్లు వెతుకుతుంటే ఖాజా ఇంట్లో కత్తి దొరికింది. వాణ్ణి వాకిట్లో నిలబెట్టి, ఇది ఎవరిదని మమ్మల్నందర్నీ అడిగారు.

"జెర చెప్పురా భాయ్, గది నీదే గదా! సినిమా కోసం నువ్వే ఇస్తివి గదా!" అన్నాడు ఖాజా.

"నాకేం తెల్వదు," అన్నాను.

భయమా? ఇన్నాళ్లూ అలాగే చెప్పుకున్నాను. థూ! జవాను నా పేరు అడిగి, హిందువునని తెలిసి మర్యాదగానే మాట్లాడాడు. నిజం చెబితే నన్ను నమ్మేవాడే. మరి ఎందుకు చెప్పలేదు? పిరికితనమైతే కాస్త గౌరవంగానైనా ఉండేది. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఈకల టోపీ.

ఖాజాను రజాకారని పట్టుకుపోయారు. టాకీసు మళ్లీ తెరిచారు. టోపీ నా నెత్తికెక్కింది. తెరమీద దొర ఒక్కడే అంతమందినీ నరికి స్నేహితుణ్ణి విడిపించుకుంటుంటే ఈలలు వేసిన వెధవల్లో నేనూ ఉన్నాను. నాకంటే గట్టిగా ఎవడూ వెయ్యలేదు.

ఖాజా చాలా కాలానికి జైలునుంచి వచ్చాడు. కుడిచెయ్యి పైకి లేచేది కాదు. బజారులో నా టాంగా ఎదురైతే పక్కకు తప్పుకున్నాడు, నా మొహం చూడలేదు. నేను ఆపలేదు, దిగలేదు. రేకు కత్తి తిప్పుతూనే పోయాను.

వాడిప్పుడు లేడు. ఉన్నా, క్షమించమని అడిగే మొహం నాకెక్కడిది? ఆ వాకిట్లో అనాల్సింది ఒక్క మాటే. ఎవరికీ పనికిరాకపోయినా ఇప్పుడు అంటున్నాను.

ఆ కత్తి నాది.