నాలుగు బొంగురు గొంతులు

మా వదిన కోట్లు కుట్టే కార్ఖానాలో కాలర్ల పని చేస్తుంది. మా ఆయనకు సొంత అక్క. ఆయన పోయాక నేను గడప దాటడం తక్కువ. రోజూ సాయంత్రం ఆవిడే వచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని కబుర్లు చెబుతుంది.

కార్ఖానాలో ఆడవాళ్లకు పాటల జట్టు ఒకటుంది, ఇరవై మంది. కిందటేడు పోటీలో ఓడిపోయారు. "ఇన్ని గొంతులున్నా పాట ఒంటిపోగులా ఉందమ్మా" అందట తీర్పు చెప్పే పెద్దావిడ. ఈసారీ ఓడితే, మధ్యాహ్నం వీళ్లు పాడుకునే గదిని గుడ్డ తానులకు ఇచ్చేస్తానని సూపర్‌వైజరు తేల్చేశాడు.

ఆ ఒంటిపోగు మాట వదినకు ముల్లులా దిగింది. ఒకరోజు పాత కాలరు విప్పుతుంటే తట్టిందట. పైన మెరిసే గుడ్డ, లోపల నున్నటి లైనింగు, మధ్యన ఎవరికీ కనబడని బిరుసు కాన్వాసు. అందరూ ఒకే వరస ఎత్తుకుంటే మూడూ పైగుడ్డలే కదా, ఇక కాలరు నిలబడేదెట్లా?

మర్నాడే జట్టును విడదీసింది. సన్నగొంతులకు పాట. నడిమి గొంతులకు దాని వెనకాలే సాగదీసే వరస. బొంగురు గొంతులు నలుగురికీ కింద ఒకటే స్వరం, ఆపకుండా.

బొత్తాలు కుట్టే అక్క భగ్గుమంది. "పాట వాళ్లకీ, మూలుగు మాకూనా? మేమేమన్నా గేదెలమా?"

"గేదెలైతే పాలైనా ఇద్దురు. ముందు మూలగవే తల్లీ!" అంది వదిన.

పాట మంచి ఊపులో ఉండగా వదిన చెయ్యెత్తి ఆ నలుగురినీ ఆపేసింది. పాటంతా అలాగే ఉంది, కానీ కాళ్ల కింద నేల జారినట్టు వెలవెలబోయింది. సన్నగొంతు పిల్ల ఒకతి ఉలిక్కిపడి, "అత్తా, వాళ్లని పాడమను, నాకు భయమేస్తోంది" అంది. ఈసారి బొత్తాల అక్క ఎవరూ అడక్కుండానే కింది స్వరం ఎత్తుకుంది.

పోటీకి వదిన నన్నూ లాక్కెళ్లింది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. మొదటి చరణంలోనే సన్నగొంతులు పరుగందుకున్నాయి, నడిమివాళ్లు వెనకబడిపోయారు. సంగతేమిటో వదిన తర్వాత చెప్పింది. వీళ్లు పాడుకునేటప్పుడు గోడ అవతల, భోజనానికి తర్వాతి వంతులో లేచేవాళ్ల కాలి మిషన్లు ఆడుతూనే ఉండేవట. ఆ టకటక కూడా పాటలో ఒక పాయేనని ఒక్కరికీ తోచలేదు, ఆవిడతో సహా.

అప్పుడు వేదిక మీద వదిన చెప్పులు విదిల్చేసింది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు. ఆ చెక్కల మీద అచ్చం మిషను తొక్కినట్టే తొక్కింది. బొత్తాల అక్క ఆ లయను ఇట్టే గొంతులో పట్టేసింది, మిగతా ముగ్గురూ అందుకున్నారు. పరుగెత్తిన గొంతులు వెనక్కొచ్చి ఆ బొంగురు స్వరం మీద నిలబడ్డాయి. నడిమివి వాటిని అల్లుకున్నాయి. దేనికది విడిగానూ వినిపించింది, అన్నీ కలిసి ఒకటిగానూ వినిపించాయి. పాట ఆగేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది.

మొదటి బహుమతి చేతికిస్తూ పెద్దావిడ అడిగింది, "ఆ కింది స్వరం ఎవరిదమ్మా?"

"మాదే!" నలుగురూ ఒక్క అరుపు అరిచారు.

సూపర్‌వైజరు మెట్ల దగ్గర తచ్చాడుతూ, "సరే సరే, గది మీదేలేమ్మా" అని నసిగాడు.

"తాళంచెవి?" అని చెయ్యి చాపింది వదిన. ఆయన జేబులు తడుముకుని తీసిచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు.