పాట లేని బరాత్

ఎంత పిలిచినా జగన్ పలకడు. ఆ కోపంతోనే అంతయ్య కొడుకుతో మాట్లాడటం మానేశాడు. "వానికి పొగరు" అని తేల్చేశాడు.

అంతయ్య ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరై ఎల్బీనగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. కొడుకు డిగ్రీ మధ్యలో వదిలేసి డీజే బండి ఎక్కాడు. కర్మన్‌ఘాట్ ఫంక్షన్ హాళ్ల చుట్టూ పెళ్లిళ్లు, బరాత్ ఊరేగింపులు. తెల్లారి ఇంటికొస్తే ఒంటినిండా మందు వాసన. ఒకసారి బండి మీంచి పడి చెయ్యి విరిగాక తాగుడూ బండీ రెండూ మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో కుదిరాడు. తీరిక దొరికినప్పుడల్లా ఫోన్‌లోనే ఒక నవల రాశాడు. ప్రింట్ తీయించి తల్లి రాములమ్మ చేతిలో పెట్టాడు.

"నాయినకియ్యి. సదివితే సదువుతడు."

అంతయ్య ఆ కాగితాలు ముట్టుకోలేదు. ఆదివారం పొద్దున రాములమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "నాకు సదువు రాకపాయె. జర నువ్వన్న ఇనిపియ్యి" అంది. రోజూ ఆమెకు పేపర్ చదివి వినిపించేది అతనే. కాదనలేక మొదలుపెట్టాడు.

నవలలో ఓ కుర్రాడు రాత్రంతా బరాత్ వెంట నడుస్తాడు. జనరేటర్ పొగ గొంతులో కారంగా దిగుతుంది. బగ్గీ గుర్రం చెమట వాసన, కాళ్ల కింద నలిగిన బంతిపూల వాసన ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆకుపచ్చ లేజర్ వెలుగు పెళ్లికూతురి ముక్కుపుడక మీద పురుగులా పాకుతుంది. స్పీకర్ మీద అరచెయ్యి పెడితే దెబ్బ మోచేతి దాకా ఎక్కి రొమ్ములో దిగుతుంది. దోస్తుల పెదవులు కదులుతాయి, వాడు నవ్వుతాడు. తెల్లవారుజామున మంచుకు తడిసిన బైక్ సీటు మీద కూర్చుని, ఇంటికి పోవాలా వద్దా అని ఆలోచిస్తాడు.

"మంచిగనే రాసిండు గని, గింత పెద్ద బరాత్‌ల ఒక్క పాటన్న లేదేంది?" అంది రాములమ్మ.

అంతయ్య పేజీలు వెనక్కి తిప్పాడు. పాట లేదు, హారన్ లేదు. ఎవరి మాటా లేదు, పెదవులే కదులుతున్నాయి.

జగన్ వాకిట్లో బైక్ కడుగుతున్నాడు. అంతయ్య వెనక నిలబడి పిలిచాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. జగన్ తిరగలేదు. అంతయ్య చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లాడు.

"ఎప్పటిసంది ఇనబడ్తలేదురా?"

జగన్ తండ్రి చేతిలోని కాగితాలు చూశాడు. "డీజే బండి మీదున్నప్పటిసంది. ఎడమది మొత్తం పోయింది. కుడిది జరంత పనిచేస్తది."

"చెవులల్ల దూదన్న పెట్టుకోకపోతివి?"

"పెట్టుకుంటే తోటోళ్లు నవ్వుతరు నాయినా."

"మాకెందుకు చెప్పలే?"

"చెప్తే బండి దింపుతవని. తర్వాత సిగ్గయింది. చెవిటోడనుడు కంటె పొగరుబోతనుడే నయమనిపిచ్చింది."

"మరి నేను తిట్టిన తిట్లు?"

"సగమే ఇన్న. తక్కిన సగం అమ్మ చెప్పింది."

"నేను తగ్గిచ్చే చెప్పిన!" అని లోపల్నుంచి రాములమ్మ.

"రేపు దవాఖానకు పోదాం. పా, లోపలికి రా" అన్నాడు అంతయ్య. కొడుక్కి కుడిపక్కన కూర్చుని, బైక్ మీది కుర్రాడు ఇంటికి పోయాడో లేదో తెలుసుకోవడానికి తర్వాతి పేజీ తీశాడు. బస్సులో టికెట్ అడిగే గొంతుతో చదవసాగాడు.

పైపోర్షన్ ఇంద్రాణి మెట్ల మీంచి తొంగి చూసింది. "ఏంది రాములమ్మక్కా, తండ్రికొడుకులు మళ్ల లొల్లి వెట్టుకున్నరా?"

"లొల్లి గాదు, మా పిలగాడు రాసిన కథ. ఇంటవా, వచ్చి కూసో."