ఎక్కడికని అడిగాను

బస్సులో దారికి అడ్డంగా సామాను పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పోయిన ఎండాకాలం ఉప్పల్‌లో ఎక్కితే, పక్క సీటు అమ్మాయి కాళ్ళ దగ్గర కొండంత సంచి.

"ఏంది బిడ్డా, ఇల్లంత మోసుకపోతున్నవా?"

"ఇల్లే తాతా," అని నవ్వింది. నేపాల్‌లో, వియత్నాంలో పిల్లలకు పాఠాలు చెబుతూ బతికిందట. మళ్ళీ బయలుదేరింది.

"హనోయిల కింది ఇంటి అవ్వ రోజూ ఎక్కడికని అడుగుతుండె. అక్కడ అదే పలకరింపు. చెప్తే సంబురపడి చేతిల అరటిపండు పెట్టేది. ఇయ్యాల మా ఇంట్ల ఒక్కరు గూడ అడగలే. పోయేటోళ్ళను అడిగితే శకునం చెడుతదని అమ్మ నోరే తెరవలే. నేను పోవుడు ఇష్టమో కాదో గూడ తెల్వదు."

బడి మొహం చూడకుండా చదువు నేర్చుకున్నవాణ్ణి, శకునాలంటే మొదటినుంచీ పడదు. ఆడపిల్ల ఒక మంచిమాట లేకుండా అంత దూరం పోవడమేమిటి? నాచారంలో దిగి, కదులుతున్న బస్సు కిటికీ వైపు అరిచాను.

"ఎక్కడికి బిడ్డా?"

ఆమె తల బయటికి పెట్టి, చెయ్యి ఊపుతూ అంతకన్నా గట్టిగా అరిచింది. "మంగోలియాకు తాతా! గుర్రం సవారి నేర్పుతనన్నది మా దోస్తు!"

స్టాపులో ఒక పెద్దావిడ, "పోయేటోళ్ళను గట్ల అడుగుతరా?" అని నన్ను కసిరింది.

అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరు చెప్పులేసుకున్నా అడుగుతున్నాను. కోడలు విసుక్కుంటూనే ఎక్కడికో చెప్పి వెళుతోంది.