చిక్కబడ్డ రక్తం

మా ఆయనకి నలభై ఏడో ఏట గడ్డం పెరగడం మందగించింది. రోజూ గీసుకునే మనిషి వారానికోసారి గీసుకోవడం మొదలుపెడితే బద్ధకమనుకున్నాను. కొల్లేరులో మాకు చేపల చెరువులున్నాయి. తాడేపల్లిగూడెం మిల్లు నుంచి చేపల మేతకి తవుడు వస్తే కూలీలతో సమానంగా బస్తాలు మోసేవారు. అలాంటిది ఆ ఏడు రెండు బస్తాలకే గట్టు మీద కూలబడిపోయారు. పక్క మీద కూడా గోడవైపు తిరిగి పడుకునేవారు. నామీద మనసు పోయిందేమోనని లోలోపల కుమిలిపోయాను.

చివరికి ఏలూరు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పొద్దున్నే రక్తం తీయించి, కొన్నాళ్ళాగి మళ్ళీ తీయించింది. మగవాళ్ళకి ఉండాల్సిన హార్మోను బాగా తగ్గిపోయిందంది. ఆయన తల దించుకున్నారు.

"ఇది సిగ్గుపడే జబ్బు కాదండీ. మూడు వారాలకో ఇంజెక్షన్ చేయించుకోండి. కానీ దీనివల్ల రక్తం చిక్కబడొచ్చు. నేను చెప్పినప్పుడల్లా పరీక్షకి రావాలి, మానకూడదు," అంది.

మందు పనిచేసింది. పొద్దున్నే లేచి చెరువుల మీదికి వెళ్ళేవారు. ఎన్నేళ్ళకో వంటింట్లోకి వచ్చి నా జడ లాగి నవ్వారు. నాకు నా మనిషి తిరిగొచ్చాడనిపించింది.

మొదటి పరీక్షకి వెళ్ళారు. రెండోసారి చేపల పట్టుబడి ఉందని మానేశారు. ఇంజెక్షన్ మా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరే చేయించుకునేవారు. మూడో వారం వచ్చేసరికి నీరసంగా ఉంటోందంటే ఆ ఆర్‌ఎంపీ, "దాందేవుందండీ, వారం వారం వేసేద్దాం," అన్నాడట. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ముందు ఆయన మొహం ఎర్రబడింది. చూసినవాళ్ళంతా కళ వచ్చిందన్నారు. తర్వాత వేన్నీళ్ళు పోసుకుని వస్తే ఒళ్ళంతా ఒకటే దురద. తలనొప్పి. అన్నం కాస్త మెత్తబడిందని కంచం తోసేశారు. అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం నిద్రలో గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. నేను చేతిలో పని వదిలేసి, మళ్ళీ ఊపిరి వినపడేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని.

"ఏవండీ, ఒక్కసారి ఏలూరు వెళ్ళొద్దామండీ."

"బాగున్నవాణ్ణి పట్టుకుని ఆసుపత్రంటావేంటే?"

ఒకరోజు చెరువు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, నున్నగా మెరుస్తోంది. ముట్టుకుంటే వేడిగా ఉంది.

"బురదలో బెణికిందిలే," అన్నారు. ఆ రెండు మాటలకే ఆయాసపడ్డారు.

నేనింక ఆయన్ని అడగలేదు. ఆటో పిలిచాను.

ఏలూరులో రక్తం తీస్తుంటే అది గొట్టంలోకి నల్లగా, నెమ్మదిగా ఎక్కింది. స్కానింగులన్నీ అయ్యాక డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"కాల్లో రక్తం గడ్డకట్టిందమ్మా. ఓ ముక్క ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్ళింది, చిన్నది కాబట్టి సరిపోయింది. మీరు ఇంజెక్షన్లు ఎన్నాళ్ళకోసారి చేయించుకున్నారండీ?" అని ఆయన్నడిగింది.

ఆయన నావైపు చూడకుండా గోడకేసి చూస్తూ, "వారం వారం," అన్నారు. ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఇంజెక్షన్లు ఆపేశారు. రక్తం పలచబడే బిళ్ళలు వేసుకుంటున్నారు. వాపు తీసింది, కోపమూ పోయింది. దాంతోపాటే ఆ నవ్వూ పోయింది. అన్నీ కుదుటపడ్డాక తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టాలో వద్దో ఆలోచిద్దామంది డాక్టరమ్మ. ఈసారి ప్రతి పరీక్షకీ నన్ను కూడా రమ్మంది.

మొన్న గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. కూలీలు బస్తాలు దింపుతుంటే చూస్తూ చూస్తూ అన్నారు:

"ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ కొన్నాళ్ళూ ఎంత బాగుందో తెలుసా?"

తెలుసు. నాకూ బాగుంది. ఆ మాట పైకి అంటే మళ్ళీ ఆ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారేమోనని భయమేసింది. ఆయన మాత్రం బస్తాల మీంచి చూపు తిప్పలేదు.