పోయింది అనే మాట

1994 జూన్‌లో నన్ను హిందూపురం నుంచి ధర్మవరంలోని ఒక జూనియర్ కాలేజీకి బదిలీ చేశారు. హోదా జూనియర్ లెక్చరర్, సబ్జెక్టు గణితం. ప్రతి శనివారం స్లిప్ టెస్టు పెట్టేవాణ్ని. అంటే ఆ వారం చెప్పిన పాఠం మీద అరగంట పరీక్ష, ఇరవై మార్కులు. సోమవారం ఎక్కువ మార్కుల వాళ్లతో మొదలుపెట్టి, వరసగా పేర్లు పిలిచి పేపర్లు ఇచ్చేవాణ్ని. చివరి పేర్లకు వచ్చేసరికి ఆ పిల్లలు తలెత్తేవారు కాదు. దాన్ని క్రమశిక్షణ అనుకుని మురిసిపోయేవాణ్ని.

నాగమణి మొదటి సంవత్సరమంతా తొలి మూడు పేర్లలో ఉండేది. వాళ్ల నాయన నారాయణప్ప పట్టుచీరలు నేసే మనిషి. రెండో సంవత్సరం కాలిక్యులస్ మొదలయ్యాక ఆ అమ్మాయి వెనకబడింది. నెలనెలకూ ఆ పేరు వరసలో కిందికి దిగుతూనే ఉంది. నేను కారణం అడగలేదు. అడగడం నా పని అనుకోలేదు.

1996లో ఫలితాలకు వారం ముందు స్టాఫ్ రూముకు వచ్చింది. "సార్, ఒగేళ లెక్కలు పోతే ఏం చేయల్ల?" అంది. మా దగ్గర ఫెయిలయిందని ఎవరూ అనరు, పోయిందంటారు. సప్లిమెంటరీకి ఎప్పుడు దరఖాస్తు చేయాలో చెప్పాను. రీకౌంటింగ్‌లో పేపరు మళ్లీ దిద్దరని, వేసిన మార్కులే మళ్లీ కూడతారని కూడా వివరించాను. అంతా విని, "మా నాయనకు నేనే చెప్పల్లనా సార్?" అంది. మెమో కాలేజీకి వస్తుంది, ఇంటికి ఉత్తరం రాదు, నువ్వే చెప్పుకోవాలి అన్నాను. నిబంధన ప్రకారం సరైన జవాబే.

అప్పట్లో పత్రికలో పాసైన వాళ్ల హాల్ టికెట్ నంబర్లు మాత్రమే అచ్చయ్యేవి. ఫలితాలు వచ్చిన మర్నాడు నేను ఆ నంబర్లు చూస్తూ మా జాబితాలో టిక్కులు పెడుతుంటే అటెండర్ ఓబులేసు వచ్చి, "నాగమణి పోయిందంట సార్" అన్నాడు.

నేను తలెత్తలేదు. "తెలుసులే. ఎన్ని సబ్జెక్టులు?" అన్నాను.

"సబ్జెక్టు గాదు సార్. పాపే."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మగ్గం ఆగి ఉంది. పక్క గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెల వరస ఉంది. అవి నా స్లిప్ టెస్టు మార్కులే. కూతురు వచ్చి చెప్పగానే నారాయణప్ప రాసిపెట్టుకునేవాడట. చివరి అంకెలు పద్దెనిమిది, పంతొమ్మిది, పద్దెనిమిది. నేనిచ్చినవి ఏడు, ఐదు, నాలుగు.

"సూడండి సార్, యాడన్నా తగ్గిండాదా?" అన్నాడు ఆయన. "ఆడ ఎవరో కూడేది తప్పినారు. మల్లా కూడిచ్చండి సార్."

రీకౌంటింగ్ దరఖాస్తు నేనే రాసిచ్చాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి వారం పెనుకొండ నుంచి ఒక అవ్వ మనవరాలు సునీతను వెంటబెట్టుకుని వచ్చింది. సునీత కూడా మా విద్యార్థే, పోయింది కూడా అదే పేపరు. "లెక్కలు పోయినాయంట సారూ. పాప ఉండాది గదా, మల్లా రాస్తాది. ఏలిముద్ర యాడ వేయల్లో చెప్పు" అంది. ఆమెకు నాగమణి సంగతి తెలియదు. సునీత కళ్లు వాచి ఉన్నాయి. అవ్వ కొంగులోంచి తీసిచ్చిన బొరుగులు నములుతూ నిలబడింది.

ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా లేదు. సునీతకు చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి ఉంది. నాగమణి అలాంటి మనిషిని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది, నేను నిబంధనలు చెప్పి పంపాను.

ఆ తర్వాత పదకొండేళ్లు పనిచేశాను. పేపర్లు మడిచి, రోల్ నంబరు వరసలో ఇచ్చాను. పోతే ఏం చేయల్లని ఎవరైనా అడిగితే, దరఖాస్తు సంగతి తర్వాత, ముందు మీ ఇంటికి ఇద్దరం కలిసి పోదాం పద అనేవాణ్ని. అట్లా చాలా ఇళ్లకు వెళ్లాను. నారాయణప్ప ఇంటికి మాత్రం ఒక్క వారం ఆలస్యంగా వెళ్లాను.